తడి చేయి

సాల్స్‌బరీలో ఆదివారం రాత్రి
బల్ల మీద పాత పంచె పరిచి అన్నం ఆరబోస్తాను.
వేడి మీద మూత పెడితే
పోర్ట్ ఆగస్టా దాటేసరికి చెమట పడుతుంది,
సెడూనాకి జిగురు, నల్లార్బర్‌కి వాసన.
ఆ తరవాత పదహారు వందల కిలోమీటర్లు
ఆ వాసనతోనే కాపురం.

మెతుకుకి మెతుకు తగలకుండా చల్లారాలి.
చింతపండు గుజ్జు నూనె తేలేదాకా ఉడకాలి.
ఇంగువ కాస్త ఎక్కువే పడాలి,
గ్లెన్ క్యాబిన్‌లో సాక్సులు విప్పుతాడు గనక.

నాన్న బేతంచెర్ల నుంచి నాపరాళ్ల లారీ తోలేవాడు.
జొన్నరొట్టెలు, బుడ్డల పొడి, ఒక ఎర్రగడ్డ.
"దోవ తిండికి ఎండ కాదు పాపా శత్రువు,
తడి చేయి" అనేవాడు.
స్టీరింగ్ ముట్టనిచ్చేవాడు కాదు,
రొట్టెలు మాత్రం కట్టనిచ్చేవాడు.
ఇప్పుడు రెండూ నావే.

జులైలో పెరటి నిమ్మచెట్టు విరగ కాస్తుంది.
పడమటి రాష్ట్రం సరిహద్దులో
పండుకీ పచ్చి ఆకుకీ తేనెకీ ప్రవేశం లేదు.
మొదటి ట్రిప్పులో పదకొండు నిమ్మకాయలు,
ఒక కరివేపాకు రెమ్మ
నా చేత్తో నేనే చెత్తడబ్బాలో వేశాను.
ఖాళీ డబ్బాలో నిమ్మకాయ పడితే
అంత చప్పుడవుతుందని అప్పటిదాకా తెలీదు.

ఇప్పుడు చెక్‌పోస్టు ఇంకా ఇరవై కిలోమీటర్లుందనగా
కొండచరియ కింద సముద్రం తల బాదుకునే చోట
బండి ఆపి, కాయలన్నీ అన్నంలో పిండేస్తాను.
తొక్కలు గ్లెన్ ఒక సంచిలో మూటగట్టి
సరిహద్దు డబ్బాకి అప్పగిస్తాడు.
"పండ్లేమైనా ఉన్నాయా?" అంటుంది ఆఫీసరు.
"ఉండేవి" అంటాను.
టార్చి వేసి పసుపన్నం చూస్తుంది,
ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక్క క్షణం ఎక్కువసేపే ఉంచుకుని,
పొమ్మంటుంది.

అక్కడ గడియారం ముప్పావుగంట వెనక్కి పోతుంది.
ఫోను పదకొండుంబావంటుంది, కడుపు పన్నెండంటుంది.
నేను కడుపు మాట వింటాను.

గ్లెన్ వినడు.
అతనివి రేకు చుట్టిన ఆరు వెజిమైట్ రొట్టెలు.
ఒక్కోదాని మీద నల్ల పెన్నుతో అంకె:
నాలుగు వందలు, ఎనిమిది వందలు, పన్నెండు వందలు...
మీటరు అక్కడికి చేరితే గాని రేకు విప్పడు.
మొదట్లో నవ్వాను.
నల్లమల ఘాటు దిగితే గాని
నాన్న రెండో రొట్టె ముట్టేవాడు కాదని
చాలా దూరం పోయాక గుర్తొచ్చింది.

పోయిన జులైలో బలడోనియా ముందు రోడ్డు మునిగింది.
మా వెనక ఇరవై బండ్లు, లైట్లార్పుకుని.
మీటరు పదిహేడు వందల తొంభై రెండు దగ్గర ఆగింది.
గ్లెన్ ఒళ్లో రెండు వేల రొట్టె.
"తిను" అన్నాను.
"ఇంకా రెండు వందల ఎనిమిది ఉంది" అన్నాడు.
రాత్రయింది. వాన.
మళ్లీ తెల్లవారింది.
రొట్టె ఒళ్లోనే ఉంది.

పులిహోర డబ్బా మూత తీశాను.
మూడో రోజు పులిహోర రుచి
ఇల్లు కదలనివాళ్లకి ఎలా చెప్పడం?
దానిమీద ఏ అంకే లేదు గనక కాబోలు
గ్లెన్ తిన్నాడు.
ముందు స్పూనుతో, తరవాత స్పూను పక్కన పెట్టి.

రెండో రాత్రికి డబ్బాలు ఖాళీ.
సీసా అడుగున బుడ్డల పొడి,
అంచులకి అంటుకుని, ఒక చిటికెడుంటుందేమో.
గ్లెన్ వేలు నాకి
ఆ తడి వేలు సీసాలో పెట్టాడు.

నాన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.
పాడవడానికి అందులో ఏం మిగిలిందని?

నేనూ వేలు తడి చేసుకున్నాను.