వెనుక అట్ట

శనివారం సాయంత్రం, ఏనుమాముల బడి.
పిల్లలు పోయిండ్రు, కరెంటు పోయింది,
నేను పోలే.
ఎఫ్ఏ టూ మార్కులు రేపటిలోపు ఎక్కియ్యాలె.
పాల్గొన్నందుకు పది, రాతపనికి పది,
ప్రాజెక్టుకు పది, చిన్న పరీక్షకు ఇరవై.
ముప్పై ఎనిమిది మంది.
ఒక్కొక్కలకు నాలుగు గడులు,
గడి చిటికెన వేలి గోరంత.

జన్ను ఉదయశ్రీ నోటుబుక్కు తెరిస్తే
అక్షరాల కంటె ముందు ఘాటొస్తది.
వాళ్లమ్మ మార్కెట్ల రాలిన మిర్చి ఊడ్చి జల్లెడ పడుతుంటే
ఈ పిల్ల బస్తా మీద కూసొని భిన్నాలు చేస్తది.
మూడో పేజీకి నాకు తుమ్ములు,
ఐదో పేజీకి కండ్లపొంటి నీళ్లు.
మొన్న ఇంటికాడ దిద్దుతుంటే మా ఆవిడ చూసి
"ఏందయ్యా, ఎవలన్న అంత మంచిగ రాసిండ్రా?" అన్నది.

రాయలే.
ఏడు లెక్కలల్ల నాలుగు తప్పు.
కానీ నాలుగూ ఒక్క తీరుగనే తప్పు:
పైవి పైవి కలిపింది, కిందివి కిందివి కలిపింది.
ఇంత వరుసగ తప్పు చేసిందంటే
పిల్ల ఏదో నమ్మే చేసింది.
నా పాఠంల ఎక్కడనో సంచి కుట్టు ఊడింది.
ఎర్ర పెన్ను మూత తీసి
ఎవలి దిక్కు పట్టాలెనో తెలువక మళ్ల పెట్టిన.

అదే పిల్లను పోయిన గురువారం కాంటా కాడ చూసిన.
ఎవలో పెద్దమనిషి గుమస్తాతోని కొట్లాడుతుండు.
ఈమె నడుమ దూరి
"క్వింటాకు రెండు కిలోలు తరుగు తీస్తే
యాభైల ఒకటి పోయినట్టే గదనే పెద్దయ్యా" అన్నది.
చేతుల కాగితం లేదు, పెన్ను లేదు.
నన్ను చూసి నాలుక కరుచుకొని
బస్తాల ఎనుక దాక్కున్నది.
భిన్నం వచ్చినందుకు సారుకు భయపడుడేంది?

ప్రాజెక్టు: మా ఇంట్ల నీళ్ల వాడకం.
పదకొండు మందివి చౌరస్తా జిరాక్సు సెంటరుల పుట్టినయి.
ఒకటే పూల అంచు,
పదకొండింటిల "పర్యావరనం"కు ఒకటే తప్పు.
కిందటేడు గిట్లాంటియాటికి తొమ్మిదేసిన, చేతిరాత బాగుందని.
అంకూస్ పాషా క్యాలెండరు కాగితం ఎనుక రాసుకొచ్చిండు.
నల్లా రెండొద్దులకోసారి. పద్దెనిమిది బిందెలు.
అండ్ల నాలుగు పక్కింటి ముసలామెకు,
ఆమె మోకాళ్లు వంగయి కాబట్టి.
అడుగున గీత కొట్టి కూడిక చేసిండు:
"మాకు పద్నాలుగు. సరిపోతయి."

ఇగ కన్నెబోయిన రంజిత్ గడి.
జులైల లేచి నిలబడి అడిగిండు:
"సార్, సున్నతోని భాగిస్తే ఏమయితది?"
"పరీక్షల రాదు, కూసో" అన్న.
కూసున్నడు.
నవంబరు వచ్చింది, ఇంకా కూసునే ఉన్నడు.
పాల్గొన్నందుకు మూడు.
నోరు మూసింది నేనే,
మూడేసింది నేనే.

తనిఖీకి వచ్చిన సారు మంచోడే.
నిలువు కలిపిండు, అడ్డం కలిపిండు,
రెండు దిక్కులా ఒక్కటే వచ్చిందని
సంతోషపడి చాయ తాగి పోయిండు.
పిల్లలు అప్పుడు బయట ఖోఖో ఆడుతున్నరు.
ఓడిన జట్టుకు ధైర్యం చెప్పేది ఎవలో
పడ్డోన్ని లేపేది ఎవలో
కిటికీల నుంచి కనవడుతనే ఉన్నది.
ఆయన కుర్చీ అటు దిక్కు లేదు.

చీకటైంది. సెల్లు లైటు పెట్టుకొని
రిజిస్టరు తిరగేసి
వెనుక అట్ట మీద పెన్సిలుతోని రాస్తున్న,
పెన్సిలెందుకంటే పిల్లలు మారుతరు:
ఉదయశ్రీకి కాంటా లెక్క తెలుసు, అక్కడికెళ్లి హారాలకు రావాలె.
అంకూస్‌ది క్లాసుల అందరికి సదివియ్యాలె.
రంజిత్‌కు సున్న బాకీ ఉన్న.

పోర్టల్ తెరుచుకున్నది.
అంకెలే అడిగింది, అంకెలే ఇచ్చిన.
అట్టకు అండ్ల జాగ లేదు.

రిజిస్టరు మూస్తే గాలి లేసి
ఇంకో తుమ్ము.
సోమవారం మొదటి పీరియడు:
తరుగు.