సభ్యుల పుస్తకం

ఎన్నికలు దగ్గరకొచ్చాయి.
ఆదివారంలోగా జాబితా సరిచేసి ఇమ్మన్నారు అయ్యగారు.
వెస్ట్రీ గదిలో ఫ్యాను కిర్రుమంటోంది.
ముందు పుస్తకం, ఎర్ర అట్ట, గుడ్డ నడుము,
మొదటి పేజీల్లో సిరా
ఎండు ఆకు రంగుకు దిగింది.

గడులు ఆరు.
నంబరు, పేరు, బాప్తిస్మం, కన్ఫర్మేషను, చందా,
చివరిది రిమార్కులు.
ఆ గడిలో నాకు ముందున్న సెక్రటరీలు
ఎక్కువసార్లు రాసిన మాట: నిద్రించెను.
మా పుస్తకాల్లో ఎవరూ చచ్చిపోరు.

రూలు తేలికే.
మూడేళ్లు చందా కట్టకపోతే గీత.
వేరే మందిరానికి పోతే గీత.
స్కేలు పెట్టి గీస్తే
మనిషి వంకర లేకుండా పోతాడు.

నంబరు నూట పద్దెనిమిది.
తాళ్లూరి సంతోషమ్మ, చుట్టుగుంట.
మిర్చియార్డులో తొడిమలు తీసే పని.
చందా గడిలో నాలుగేళ్లుగా సున్నాలు.
ఆ నాలుగేళ్లూ ఆదివారం ఆదివారం
కొంగు ముడి విప్పి పళ్లెంలోకి వొంపింది బియ్యం,
పూటకో పిడికెడు
ఎసట్లో పడకుండా వెనక్కి తీసినవి.
కోటా బియ్యమే. ఒక్కోసారి పురుగుతో సహా.
తూచి, అమ్మి, కరెంటు బిల్లు కట్టేది నేనే.
ఈ ఫ్యాను తిరిగేది దానిమీదే.
బియ్యానికి మాత్రం గడి లేదు.

నంబరు నలభై రెండు, కృపావరం.
చందా పైసలతో సహా.
మొన్న రాత్రి సంగడిగుంట నుంచి వచ్చి
గుమ్మం దాటకుండా, చెప్పులు విడవకుండా,
"బాబాయ్, నా పేరు కొట్టెయ్యి.
పిల్లకి సీటు. ఎమ్మార్వో ఆఫీసోళ్లు ఎంక్వైరీకి వస్తారంట.
పుస్తకం అడిగితే అందులో నేను ఉండకూడదు.
వస్తాలే. వెనక స్తంభం పక్కన కూచుంటా.
దేవుడికి చెప్పుకున్నా.
నువ్వేమీ అనుకోమాక."

ఏమనుకుంటాను.
రైల్వేలో ముప్పై ఏళ్లు
వెంకట్రావుగా జీతం తీసుకుని
ఆదివారం పొద్దున దేవసహాయంగా తల దువ్వుకున్నవాణ్ని.

ఒకటో నంబరు మా ఇంటిదే. తాత నుంచి వచ్చింది.
బాకీ లేదు, మచ్చ లేదు,
ప్రసంగం మూడో అంశానికి వచ్చేసరికి
కన్ను మూతపడుతుంది.
నిద్రించెను అని
ముందు నా ఎదురుగా రాసుకోవాలి.

మాది ఫలానా సంఘం అంటాం
పెళ్లి మాటల దగ్గర,
సమాధుల తోటలో ఆరడుగుల కోసం.
మాది అంటాం, పొలం మాది అన్నట్టు.
మేం దానివాళ్లం అని
ఎవరైనా అనగా వినలేదు. నేనూ అనలేదు.

పోయిన నెల సంస్కారపు ఆదివారం
గిన్నె పట్టుకున్న అయ్యగారి పక్కన
తుడిచే గుడ్డతో నేను.
సంతోషమ్మ మోకరించింది.
యార్డు నుంచి ఎవరొచ్చినా ముందు వరస దగ్గుతుంది,
ఆ రోజూ దగ్గింది.
రెండు చేతులా గిన్నె అంచు పట్టుకుని తాగింది,
ఎన్ని నీళ్లు పోసి కడిగినా
మిరప వదలని వేళ్లతో.
తుడిచాను. రూలు ప్రకారం తుడిచాను.
అందరూ అయ్యాక మిగిలింది పారబొయ్యకూడదు కదా,
నన్ను తాగమన్నారు.

పెదవి భగ్గుమంది.
ముగింపు కీర్తన నోరు తెరిచి పాడలేకపోయాను.
ఇంటికెళ్లి మజ్జిగ తాగాను, బెల్లం చప్పరించాను.
సాయంత్రం మూడొంతెనల దగ్గర ఎవరో
"ఏంటి మాస్టారూ, కళ్లు అట్టా ఉన్నాయి" అంటే
ప్రార్థనలో ఏడ్చానని చెప్పాను.

గోడ గడియారం పది కొట్టింది. వాచ్‌మన్ తాళాలు గలగలలాడిస్తున్నాడు.
నూట పద్దెనిమిది ఎదురుగా
చందా గడిలో, సున్నాల మీదుగా,
బియ్యం అని రాశాను.
ఆడిట్‌లో అడుగుతారు, అడగనీ.
నలభై రెండుకి స్కేలు పెట్టలేదు,
పెన్ను కూడా ముట్టుకోలేదు.
పెన్సిలుతో, నొక్కకుండా ఒక గీత.

రబ్బరు సొరుగులో పెట్టి తాళం వేశాను.
ఆ పిల్ల చదువు అయ్యేదాకా
దాన్ని ఎవరూ పారెయ్యకుండా చూసుకోవాలి.