రెండంతస్తుల మెట్లు

కీల్పాక్ ఆసుపత్రిలో డిశ్చార్జి రోజున
ఆయనకొక ఫైలు, నాకొక జాబితా ఇచ్చారు.
ఉప్పు అర చెంచా. ఆవకాయ వద్దు, అప్పడం వద్దు.
లారీ నీళ్ల బిందె ఎత్తకూడదు.
దగ్గొస్తే ఛాతీకి దిండు అదుముకోవాలి.
"ఇంకేమైనా డౌటా?" అన్నాడు డాక్టరు,
అప్పటికే అతని చెయ్యి తలుపు పిడి మీద ఉంది.
ఉంది.
నేను ఫైలు దారం విప్పి మళ్లీ ముడేశాను.

పెరంబూరులో మా మంచం పాతది.
రైల్వే క్వార్టర్స్‌లో ఉండగా కొన్నది,
ముప్ఫయ్యేళ్లుగా మధ్యకు వాలుతూ
ఇద్దర్నీ ఒకే గుంటలోకి దొర్లించేది.
దగ్గు కోసం తెచ్చిన దిండు ఇప్పుడు సరిహద్దు.
అటు ఆయన, కోసి కుట్టిన ఎముకతో.
ఇటు నేను, ఒళ్లంతా చెవిగా,
ఆయన గుండె లెక్కపెడుతూ
ఎక్కడో తప్పి మళ్లీ ఒకటి నుంచి.

ఒక రాత్రి ఆయన చెయ్యి దిండు దాటింది.
నా గాజులు చప్పుడయ్యాయి.
"నిద్రపోండి" అన్నాను,
జ్వరమొచ్చిన పిల్లాడితో అన్నట్టు.
చెయ్యి వెనక్కి పోయింది.
ఎంత మర్యాదగా పోయిందో!
తెల్లారేదాకా నాకు కునుకు లేదు.

ఎవర్నడగను?
వదిన "ఈ వయసులోనా" అంటుంది.
మందుల షాపు కుర్రాడు నన్ను ఆంటీ అంటాడు.
మన భాషలో దానికి బూతుంది, శ్లోకముంది,
ఓపీ గదిలో స్టూలు మీద కూర్చుని అనగలిగే మాట లేదు.

ఆరోవారం. "నలభై రెండు, వేదాచలం!"
బీపీ పట్టీ చుడుతోంది నర్సు బిన్సీ, కొట్టాయం పిల్ల.
ఫోను మోగితే చెవికీ భుజానికీ మధ్య ఇరికించి
"ఇప్పోళ్ సంసారిక్కాన్ పట్టిల్ల" అంది.
ఇప్పుడు కాదంటోందని తెలిసింది.
ఏది కాదో విని ఉలిక్కిపడ్డాను.
"సంసారమా?" అన్నాను నా వచ్చీరాని అరవంలో.
"మాట్లాడటం అమ్మా. మా దగ్గర సంసారమంటే మాట్లాడుకోవడం."
"మా దగ్గర..." అని ఆగిపోయాను.
ఆయన గోడ మీది గుండె పటం చూస్తున్నారు,
చెవులు ఎర్రబడ్డాయి.
నేనాగిన చోట ఆ పిల్ల తొందరపడి ఏదీ పెట్టలేదు.
పట్టీలో గాలి బుస్సుమని పోయేదాకా ఉండి
తెర లాగింది.
"అదీ చేసుకోవచ్చు" అంది. "రెండూ."

తర్వాత, ఉప్పు కొలత చెప్పినంత మామూలుగా:
రెండంతస్తుల మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలిగితే
చాలావరకు భయం లేదు.
ఎముక గట్టిపడేదాకా ఛాతీ మీద బరువు పడొద్దు
(ఎవరు ఎటుండాలో కూడా చెప్పింది, నేల చూడకుండా).
కడుపునిండా తిన్న వెంటనే వద్దు. నొప్పొస్తే ఆగండి.
ఎవరో చెప్పారని నీలం మాత్ర కొనొద్దు,
నాలుక కింద మాత్ర వాడే మనిషికి అది ప్రమాదం.
మనసు పుట్టకపోతే మీ తప్పు కాదు సార్,
బీపీ మాత్ర పనీ కావచ్చు, డాక్టరుకి రాసిపెడతాను.

ఆయన అప్పుడు నోరు విప్పారు:
"తనకి భయం."
"ఈయనకి లేదా?" అన్నాను నేను.
ముప్ఫయ్యేళ్లలో దాని గురించి
మేం పైకి అన్న మొదటి మాటలవి,
మూడో మనిషి ముందు,
మలయాళం పుణ్యమా అని.

మందుల కౌంటరు రెండో అంతస్తులో.
లిఫ్టు ఖాళీగా, తలుపు తెరుచుకునే ఉంది.
ఆయన దాన్ని చూడనట్టు మెట్లవైపు నడిచారు.
నేను సంచీ, ఫైలు, గొడుగు పట్టుకుని వెనకే.
పైకెళ్లి తిరిగి చూశారు.
ఆయాసం నాది.
"నిన్నొకసారి చూపించాలి" అన్నారు,
నా చేతిలో సంచీ అందుకోబోయి,
జాబితా గుర్తొచ్చి
నా చెయ్యి అందుకుని.