ముప్ఫై అయిదు గీతలు

గొంతులో గడ్డ తీసేశాక
ఎదువీహెస్ పెద్దమ్మకి మాట పోయింది.
మామోరే ఏటి ఒడ్డున
మా రెండిళ్ళకీ నడుమ ఒక వెదురు కంచె.
అటువైపు ఆమె బాతులు.
అవీ మాట్లాడవు.

బాతంటే ఊరంతా వినపడేలా అరవాలనుకునేవాణ్ణి.
ఈ మగబాతు నోరు తెరిస్తే
సైకిలు ట్యూబులోంచి పోయినట్టు
గాలి, అంతే.
మొహమంతా కందిరీగలు కుట్టినట్టు ఎర్రటి బుడిపెలు.
కోపమొస్తే నెత్తిన జుట్టు నిక్కబొడుస్తుంది,
మనిషిని చూస్తే కుక్కలా తోకాడిస్తుంది.
చీకటి పడితే మామిడికొమ్మ ఎక్కి
గోళ్ళతో పట్టుకుని కునుకుతీస్తుంది.
దీనికి మాస్కో పేరు ఎవరు తగిలించారో!
జూన్‌లో దక్షిణపు చలిగాలి నాలుగు రోజులు వీస్తేనే
వేళ్ళు పొట్టకింద దాచుకునే జీవం.

పోయినేడు నాకో పెట్టనిచ్చింది పెద్దమ్మ.
పాఠమంతా చేతులతోనే.
ఒక రెక్కే కత్తిరించు,
రెండూ కత్తిరిస్తే తూకం కుదిరి ఎగిరిపోతుంది.
బూజు పట్టిన గింజ వెయ్యకు.
తల మునిగేంత నీళ్ళు పెట్టు, కళ్ళు కడుక్కోవాలి.
ఇది చెప్పడానికి
తనే కుండలో మొహం ముంచి చూపించింది.
నేను నవ్వాను. ఆమె కూడా,
చప్పుడు లేకుండా.

పెట్ట పాత ఇంజను పెట్టెలో
పద్నాలుగు గుడ్ల మీద కూర్చుంది.
రోజుకోసారి లేచి, ఏట్లో మునిగి,
తడిపొట్టతో వచ్చి మళ్ళీ వాలేది.
ఇరవై ఎనిమిది రోజులన్నాడు సంతలో బాతులమ్మే రూఫో.
ముప్ఫయ్యో నాడు ఒక గుడ్డు చెవి దగ్గర ఊపి చూశాను.
మురిగిపోయాయని బకెట్టు తెచ్చాను.

కంచె మీదుగా ఒక చెయ్యి
నా మణికట్టు పట్టుకుంది.
బొగ్గుముక్కతో మా గోడ మీద
ముప్ఫై గీతలు గీసింది.
ఆ పక్కన ఖాళీ చోట
వేలితో అయిదుసార్లు తట్టింది.
సున్నం వేసి వారం కాలేదు ఆ గోడకి.
ఒళ్ళు మండింది.
అయినా బకెట్టు వెనక్కి తీసుకుపోయాను.

ముప్ఫై నాలుగో రాత్రి వాన.
లాంతరు వెలుగులో ఒక గుడ్డు చెవికి ఆనించుకున్నాను,
ఈసారి ఊపలేదు.
లోపల ఎవరో తలుపు గీకుతున్నారు.

తెల్లారేసరికి పదకొండు పిల్లలు.
మిగతా మూడూ ఎందుకు కాలేదో
ఆమె చెప్పలేదు, నేనడగలేదు.
పెట్ట వాటిని పిలిచింది,
ఈల నేర్చుకుంటున్న పిల్లాడిలా, సన్నగా.
కంచె అవతల
ఎదువీహెస్ పెద్దమ్మ పెదవులు సున్నా చుట్టింది.

రెండో ఈల ఎవరిదో నాకు తెలియలేదు.
పిల్లలు మాత్రం
రెండు వైపులకీ పరుగెత్తాయి.