పదహారు అక్షరాలు

డాబాగార్డెన్స్ సందులో నా కొట్టు.
షీల్డులు, కప్పులు, మెడళ్లు,
రిటైరయ్యేవాళ్లకి గోడగడియారాలు.
ఈ ఊరి గాలికి ఏ ఇత్తడీ
ఏడాది దాటి బంగారంలా ఉండదు.
ఆ మాట కొనేవాళ్లకి చెప్పను.

తొమ్మిదేళ్ల కిందట, మిట్టమధ్యాహ్నం,
నలుగురు గుంటలొచ్చేరు కాలేజీ సంచుల్తో.
అన్నిటికంటే చిన్న కప్పు వేలుపెట్టి చూపించేరు.
నూట నలభై. చెక్కుడు వేరే, అక్షరానికి రెండు రూపాయలు.
చిల్లర బల్లమీద పోసి గుట్టలు గుట్టలుగా పేర్చుకున్నారు.
"ఒత్తుక్కూడా డబ్బులేనా మాస్టారూ?" అంది పొడుగుపిల్ల.
ఒత్తు అక్షరం కాళ్లకింద బతుకుతుందమ్మా,
దానికి అద్దె లేదన్నాను.
ఎస్తేరు. నూకరత్నం. తబస్సుమ్. సింహాచలం.
వేళ్లమీద లెక్కేస్తే పదహారు.

ఏ పోటీ అని రాయమంటారు?

నలుగురూ నేల చూపులు.
పైన ఫ్యాను కిర్రుమంటోంది.
"పోటీ లేదండి," అంది సింహాచలం,
"ఇంట్లో చూపించాల. కప్పు సూస్తే పాడనిస్తారు."

అబద్ధం చెక్కడం నాకు కొత్తేం కాదు.
ఎన్ని 'ఉత్తమ అధికారి' షీల్డులు చెయ్యలేదు!
సాగరతీర సంగీత పోటీ, ప్రథమ బహుమతి
అని నా సొంత బుర్రలోంచి తీసి చెక్కేను.
ఆ అక్షరాలకి డబ్బు పుచ్చుకోలేదు.

తర్వాత ఆ గుంటలు 'ఉప్పుగాలి' అయ్యేరు.
కంచరపాలెం రైల్వే క్వార్టర్ల వెనక
పాడుబడ్డ పంపుగదిలో సాధన చేసేవారట,
గూడ్సుబండి పోయేదాకా ఆగి మళ్లీ ఎత్తుకుంటూ.
జాలారిపేట ఒడ్డున చేపల వేలంపాట కేక ఉంటుందే,
నూకరత్నం తల్లి గొంతు,
దాన్నలాగే తెచ్చి పాటలో పెట్టేసరికి
దేశం ఊగిపోయింది.
పల్లవి రింగుటోనుగా లేని ఆటో
మద్దిలపాలెం జంక్షన్లో నాకైతే తగల్లేదు.
శాలువాలు తబస్సుమ్ ఇంట్లో దుప్పట్లయ్యేయి.
ఒక గాజు అవార్డు జాలారిపేటలో
సముద్రపు గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డు.

మొన్న మళ్లీ నా మెట్లెక్కేరు.
బయట సందు నిండా జనం, ఫోన్లు పైకెత్తి.
బొంబాయిలో ఇచ్చిన పెద్ద అవార్డు బల్లమీద పెట్టేరు,
బరువుకి బల్ల మూలిగింది.
దానిమీద ఇలా ఉంది: 'ఎస్తేరు అండ్ టీం.'
"నా పేరు గీకెయ్యండి," అంది ఎస్తేరు.
గీకితే గుంట పడుతుందమ్మా, పేరు పోదు.
చెక్కదిమ్మె చుట్టూ ఖాళీ ఉంది, అక్కడ చెక్కుతానన్నాను,
నలుగురివీ ఒకే సైజులో.
ఇప్పుడు అక్షరం ఐదు రూపాయలు.
"మరి ఒత్తు?"
ఇప్పటికీ ఊరికేనే.

వెళ్తూ వెళ్తూ సంచిలోంచి ఆ చిన్న కప్పు తీసేరు.
నల్లగా, చిలుం పట్టి, ఒక చెవి ఊడి.
"దీనికి నీళ్లెక్కించండి మాస్టారూ,
టీవీలో మొదటి బహుమతేదంటే దీని పేరే సెప్పేం."

అదీ వచ్చిన చిక్కు.

నిన్న సాయంత్రం మల్కాపురం నుంచి
రెండు బస్సులు మారొచ్చేరు ఇద్దరు పిల్లలు,
బడి బట్టలింకా మార్చుకోలేదు,
ఒకదాని చేతిలో రేకు డబ్బా, దరువు కోసం.
"సాగరతీర సంగీత పోటీకి
పేర్లిక్కడేనా ఇవ్వాల?
ఏడాదికోసారేనా? దాటిపోయిందా?"

ఫ్యాను కిర్రుమంది.
రసీదు పుస్తకం వెనక్కి తిప్పేను.
ఖాళీ కాగితం మీద
స్కేలు పెట్టి అడ్డంగా గీత కొట్టేను.
"చెప్పండమ్మా పేర్లు," అన్నాను,
"మెల్లిగా. ఒత్తుల్తో సహా."