రెండో గేరు

గుణుపురంలో వాన తెరిపిచ్చిన పూట
అంబాసిడర్ కింద ఇటుకలు పేర్చి దూరాను.
జాకీ దండపాణిది, తార్పాలిన్ మాది,
టార్చి పట్టుకున్నది మా సరోజిని.
వెలుగు బోల్టు మీద కంటే నా మొహం మీదే ఎక్కువ.

పళ్లెంలోకి కారిన నల్లనూనెలో
ఇత్తడి రజను మెరిసింది,
కంసాలి కొట్టు ఊడ్చి పోసినట్టు.

ఆఖరి బోల్టు వదలగానే
పెట్టె నా గుండెల మీద కూర్చుంది.
"ధీరే, ధీరే" అంటాడు దండపాణి.
ధీరేగా దిగే బరువా ఇది?

గోనెసంచి మీద విప్పాం.
మూడోది, నాలుగోది ఇంకా పెళ్లికొడుకుల్లా ఉన్నాయి.
రెండోదాని రింగుకే పళ్లు లేవు.
ఘాటీ ఎక్కినన్నాళ్లూ దాన్నే కదా అరగదీశాను.
పురుటి కేసులు, జీడిపిక్కల బస్తాలు,
ఒకసారి, మాట్లాడకుండా, ఎవరిదో శవం.
అన్నీ రెండో గేరులోనే.

బరంపురం నుంచి కొత్త రింగు
కండక్టరు జేబులో, చిల్లరతో కలిసి వచ్చింది.

అంతా బిగించి, నూనె పోసి, చేతులు కడుక్కున్నాక
గోనె మీద ఒక వాషరు మిగిలింది.
సరోజిని టార్చి
మొదటిసారి తిన్నగా, దాని మీదే పడింది.
"ఇదెక్కడిది?"

దండపాణి, నేను
వాన వచ్చేట్టుందని
ఆకాశం కేసి చూశాం.