పొర్లిన నీళ్లు

నిడుజువ్వి హైస్కూలు, ఎనిమిదో తరగతి.
తొట్టి నిండా నీళ్లు, అన్నాను.
పాఠం అక్కడే ఆగింది.
తొట్టి నిండేదేంది సార్, అని వెనక బెంచీ నవ్వింది.
ఊరికి ట్యాంకరు నాలుగు రోజులకోసారి.

సరే, కిరీటం. కంసాలి మీద రాజుకు అనుమానం.
ప్రొద్దుటూరు బంగారం అంగళ్లు ఎరిగిన పిల్లలు,
అనుమానం వరకూ ఇట్టే వచ్చేశారు.
ఆర్కిమెడీస్ తొట్లో దిగాడు, నీళ్లు పొర్లాయి,
ఒంటిమీద గుడ్డ లేకుండా వీధిలో పరిగెత్తాడు
దొరికింది దొరికిందని.
ఇరవై రెండేళ్లుగా ఇక్కడే నవ్విస్తాను. నవ్వారు.

దస్తగిరమ్మ నవ్వలేదు.
"పొర్లిన నీళ్లు యాడికి పోయినాయి సార్?
కింద ఎవురన్నా గిన్నె పెట్టినారా?"

సుద్దముక్క వేళ్ల మధ్యే ఉండిపోయింది.
ఇన్నేళ్లూ నేను ఆయన వెంట పరిగెత్తినవాణ్ణే,
తొట్టి దగ్గర ఒక్కనాడూ నిలబడలేదు.
గిన్నె లేకుంటే కొలత లేదు,
కొలత లేకుంటే కంసాలి దొంగో దొరో
ఎప్పటికీ తేలదు.

మరునాడు తనే తెచ్చింది సత్తుచెంబు, పళ్లెం,
నాయన గనిలోంచి అరచేతంత నల్లబండ ముక్క.
దారం కట్టి దించింది.
పళ్లెంలోకి జారిన నీళ్లు కొలిచి, అంకె రాసుకొని
చుక్క పోకుండా మళ్లీ బిందెలో పోసింది.

వాళ్ల నాయన హుసేనయ్యను గని గట్టున కలిశాను.
గడారి కింద గుండ్రాయి ఆనించి
ఆరుగురు మోయలేని బండను
ఒక్క భుజంతో కదిలిస్తున్నాడు.
నిలబడే చోటిస్తే భూమినే ఎత్తుతానన్న
ఆ గ్రీకాయన మాట చెప్పాను.
గడారి వదల్లేదు, చెమట తుడుచుకోలేదు.
"ఎత్తేదేముంది సార్.
చోటే కదా మనది కాంది.
గని లీజు వాళ్లది, బండ లారీ వాళ్లది."

ఆయన చావు మాత్రం ఇంకా చెప్పలేదు వాళ్లకి.
ఊరు పడిపోతున్నా వంచిన తల ఎత్తకుండా
ఇసుకలో గీతలు గీస్తున్న ముసలాయన,
మీదికొచ్చిన సిపాయి నీడ,
నా గీతలు తొక్కొద్దన్న మాట.
పుస్తకంలో రెండు వరుసలే. రేపు, రేపంటూ దాటేస్తున్నాను.

సాయంత్రం బడి వాకిట్లో, బూడిదరంగు బండపొడిలో
పుల్లకు దారం కట్టి
దస్తగిరమ్మ గుండ్రంగా గీస్తోంది.
టిప్పరు పోయింది. దుమ్ము లేచి వాలింది.
సగం గీత మాసిపోయింది.
తల ఎత్తలేదు, మళ్లీ గీసింది.

గేటుకు అదే దారి.
చెప్పులు చేతబట్టుకొని
గోడ వారగా చుట్టూ తిరిగి పోయాను.